సార్ ఒప్పుకోరు

ఆ అట్టపెట్టెల షెడ్డులో అందరూ భయపడేది ఒక్క మనిషికే. ఆ మనిషిని ఎవరూ చూడలేదు. మిషన్ల వరుస దాటాక మూలగా చెక్క తలుపున్న చిన్న గది ఆయనది. లోపల ఒక బల్ల, వెనక్కి వాలే కుర్చీ, గోడ మేకుకి బూడిదరంగు కోటు. పకపకా నవ్వుకుంటూ వచ్చే ఆడపిల్లలు కూడా ఆ తలుపు ముందుకి రాగానే ఠక్కున నోరు మూసుకునేవాళ్ళు. లోపల ఎవరూ లేరని తెలుసు. అయినా సరే, గొంతు దానంతటదే దిగిపోయేది. ఆయన్ని అందరూ సార్ అనేవాళ్ళు. అసలు పేరేమిటని అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

సంగతి ముందే చెప్పేసుకుంటే మంచిది. సార్ లేడు. ఎప్పుడూ లేడు. ఆ కోటు పాత బట్టల కొట్టులో కొన్నది. ఆ కుర్చీలో కూర్చునేది పెద్దక్క ఒక్కతే, అదీ తలుపు వేసుకుని.

పెద్దక్క అంటే ఆ షెడ్డు యజమానురాలు. నలభై దాటిన మనిషి, పెళ్ళి చేసుకోలేదు, చెల్లెలు తప్ప వెనకా ముందూ ఎవరూ లేరు. ఎవరిదో పెట్టెల కర్మాగారంలో కూలీగా చేరి, పని ఆనుపానులన్నీ నేర్చుకుని, పాత మిషన్లు మూడు తెచ్చి సొంతంగా షెడ్డు పెట్టుకుంది. ఒకటి అట్ట కోస్తుంది, ఒకటి మడత గీతలు వేస్తుంది, ఒకటి తీగతో మూలలు కుడుతుంది. గీత తేలికగా పడితే పెట్టె మడతపడదు, లోతుగా పడితే మూల చిట్లుతుంది. సరిగ్గా పడిందో లేదో ఆమె బొటనవేలితో తడిమి చెప్పేది. ఇన్ని తెలిసిన మనిషికి అట్ట అమ్మేవాడు దొరకలేదంటే నమ్ముతారా? దొరకలేదు.

కాగితం మిల్లు తరఫున ఒక ఏజెంటు తిరిగేవాడు. మొదటిసారి వచ్చినప్పుడు గుమ్మంలోనే నిలబడి షెడ్డంతా కలయజూశాడు.

"మగవాళ్ళెవరైనా ఉంటే పిలువమ్మా, మాట్లాడి వెళ్తాను."

"నాతోనే మాట్లాడండి. షెడ్డు నాదే."

"అదికాదమ్మా. రేటూ గీటూ మాట్లాడాలి కదా," అని వాచీ చూసుకుని వెళ్ళిపోయాడు. రెండోసారీ అంతే. ఇంకోసారి వచ్చినప్పుడు పెద్దక్కకి ఒళ్ళు మండింది. గీతల మిషను ఖాళీగా పడి ఉంది, పిల్లలు గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నారు. విసుగులో నోటికొచ్చింది అనేసింది.

"సార్ ఊళ్ళో లేరండీ."

ఏజెంటు వచ్చి స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "అలా చెప్పు మరి! సార్‌కి ఏ రకం అట్ట కావాలట?"

"చెమ్మ తగిలిన అట్ట పంపితే మాత్రం సార్ ఒప్పుకోరు," అంది పెద్దక్క. ఆ వారమే సరుకు దిగింది. గలగలలాడే పొడి అట్ట.

అలా పుట్టాడు సార్. పుట్టినవాడు ఊరుకుంటాడా, పెరిగాడు. ఫోనులో మాట్లాడటం ఆయనకి గిట్టదు. ఊళ్ళు తిరుగుతుంటారు. వచ్చినా ఆదివారమే, షెడ్డు మూసి ఉన్నప్పుడే వస్తారు. మాట ఇస్తే తప్పరు, కోపం వస్తే పట్టలేం. ఎవరైనా బేరం దగ్గర మొండికేస్తే పెద్దక్క "ఉండండి, సార్‌ని కనుక్కుని చెప్తాను" అని గదిలోకి వెళ్ళేది. కుర్చీలో వెనక్కి వాలి కాళ్ళు చాపుకుని మంచినీళ్ళు తాగేది. ఆ కాసేపే ఆమెకి రోజు మొత్తంలో దొరికే తీరిక. బయటికొచ్చి నిట్టూర్చి, "లాభం లేదండీ, సార్ ఒప్పుకోవడం లేదు" అనేది. అవతలివాడు దిగొచ్చేవాడు.

పెద్దక్క కాక నిజం తెలిసిన మనిషి ఒక్కతే ఉంది, అదీ షెడ్డు బయట. అది చెల్లెలు. మందుల దుకాణంలో పనిచేసేది. "మీ సార్‌కి ఇప్పుడు బీపీ కూడా ఉందటగా అక్కా? మీ పనిపిల్ల నాతో చెప్పి తెగ దిగులుపడింది" అని పొట్ట చెక్కలయ్యేలా నవ్వేది. పెద్దక్క కూడా నవ్వేది. అప్పట్లో అది నవ్వుకునే విషయమే.

కాని ఒక చిక్కు వచ్చిపడింది. కాదనేవన్నీ సార్ పేరు మీదా, ఔననేవన్నీ తన పేరు మీదా నడిపితే, జనం తెలివైనవాళ్ళు, సార్‌ని దాటేసి నేరుగా ఈమె కాళ్ళకే చుట్టుకుంటారు. కాబట్టి ఔనని కూడా సారే అనాల్సి వచ్చింది. జిగురు కాచే పిన్ని కూతురు పురుడు కష్టమై ఆసుపత్రిలో ఉన్నప్పుడు, జీతం కోయకుండా నెల్లాళ్ళు సెలవిచ్చింది సార్. కుట్టు మిషనులో వేలు నలిగిన పిల్లకి వైద్యం చేయించింది సార్. గాలి ఆడటం లేదంటే పైకప్పుకి ఫ్యాన్లు పెట్టించిందీ సారే. పెద్దక్క చేసిన మంచి అంతా నోరు తెరవకుండా ఆ గదిలోకి వెళ్ళి కోటు తొడుక్కుని బయటికొచ్చేది. ఆమెకి అది కష్టమనిపించలేదని కాదు. పని నడుస్తోంది కదా అని సరిపెట్టుకుంది.

అలా నడుస్తున్న పనికి చెప్పుల కంపెనీ గండికొట్టింది. షెడ్డులో తయారయ్యే పెట్టెల్లో ముప్పాతికమువ్వీసం వాళ్ళవే. వాళ్ళు అట్టపెట్టెలు మానేసి పలచటి సంచుల్లోకి దిగారు. ఒక్క ఫోను, అంతే. మిగిలిన చిన్నాచితకా బేరాలు మిషన్లకి నూనె ఖర్చుకి కూడా సరిపోవు. పెద్దక్క ఊరంతా కాళ్ళరిగేలా తిరిగింది.

కబురు తెచ్చింది చెల్లెలే. పెద్ద మందుల కంపెనీ ఒకటి తన పెట్టెల్లో కొంత వాటా ఆడవాళ్ళు నడిపే షెడ్లకే ఇస్తానందట. మహిళా వ్యాపారవేత్తలని ప్రోత్సహించే సంఘం ఒకటుంది, వాళ్ళొచ్చి చూసి, ఔను, ఇది నిజంగా ఆడమనిషి సొంత బుర్రతో నడిపే వ్యాపారమేనని గుర్తింపు ఇవ్వాలి. అది దొరికితే ఏడాది పొడుగునా పని. దొరక్కపోతే షెడ్డుకి తాళం.

"నీకు రాకపోతే ఇంకెవరికొస్తుందక్కా!" అంది చెల్లెలు. పెద్దక్కకి గంపెడాశ పుట్టింది.

"వాళ్ళొచ్చేలోపు మీవాళ్ళందరికీ నిజం చెప్పెయ్యి," అని కూడా అంది చెల్లెలు. ఆ మాట వినుంటే బాగుండేది. పెద్దక్కకి మొహం చెల్లలేదు. ఇన్నేళ్ళు ఆడిన అబద్ధాన్ని పిన్ని ముందు ఏ మొహం పెట్టుకుని విప్పడం? ఈ గుర్తింపేదో చేతికొచ్చాక నిమ్మళంగా చెప్పుకోవచ్చులే అనుకుంది. గదికి తాళం వేసి, అందరినీ పిలిచి, "రేపెవరో వస్తారు. ఓనరెవరని అడిగితే నేనేనని చెప్పండి. సార్ మాట ఎత్తకండి" అంది. అందరూ బుద్ధిగా తలలూపారు. తెలివైన మనిషి చేసిన తెలివితక్కువ పని అంటే ఇదే.

మర్నాడు సంఘం నుంచి ఒక అధికారిణి వచ్చింది. మంచి మనిషి, అది చెప్పి తీరాలి. మెత్తగా మాట్లాడింది, మిషన్లన్నీ ఓపిగ్గా చూసింది, ఒక పెట్టె తనే మడిచి చూసి ముచ్చటపడింది. తర్వాత పనివాళ్ళని ఒక్కొక్కళ్ళనే పక్కకి పిలిచి మాట్లాడింది. పిన్నికి మిషన్ల మోత వల్ల చెవులు మందం, అందుకని మాట బిగ్గరగా ఉంటుంది. ఆమె చెప్పింది షెడ్డు షెడ్డంతా విన్నది.

"ఓనరా? పెద్దక్కేనండీ! సార్ మాట ఎత్తొద్దని, తనే ఓనరని చెప్పమని నిన్ననే చెప్పిందండీ!"

గీతల మిషను దగ్గర నిలబడ్డ పెద్దక్క మిషను ఆపేసింది.

అధికారిణి ఆమెని ఎదురుగా కూర్చోబెట్టుకుంది. "ఆ గదికి తాళమెందుకు వేశారు?" అని అడిగింది. తీయక తప్పలేదు. బల్లా, కుర్చీ, కోటూ చూసింది.

"ఈ కోటు ఎవరిదండీ?"

"నాదే."

అధికారిణి ఆ కోటు భుజాల వెడల్పూ చూసింది, పెద్దక్క భుజాలూ చూసింది.

పెద్దక్క ఇక దాచలేదు. మొదటి నుంచీ జరిగింది జరిగినట్టు చెప్పింది. ఏజెంటు సంగతీ, సార్‌ని పుట్టించిన సంగతీ, లోపలికెళ్ళి మంచినీళ్ళు తాగే సంగతీ కూడా. అధికారిణి మధ్యలో అడ్డు రాకుండా విన్నది. విని, జాలిగా నవ్వింది.

"చూడండి, నేను చాలా షెడ్లు చూశాను. మొగుడో మరిదో వెనకుండి ఆడిస్తుంటే, ముందు పెట్టిన ఆడమనిషి ఎప్పుడూ ఇదే మాట చెబుతుంది. వెనక ఎవరూ లేరండీ, అంతా నేనే అని. కాగితాలన్నీ మీ పేరునే ఉన్నాయి. అలాంటి చోట్ల ఎప్పుడూ ఉంటాయి. కాని మీ మిల్లు ఏజెంటుని నేను కలిసొచ్చాను. ఆయన సార్‌ని కళ్ళారా చూశానన్నాడే? పొడుగ్గా ఉంటారట. కారాపి మరీ పలకరించారట."

గొప్పలకి పోయి వాడు కోసిన కోతలు! పెద్దక్కకి నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. "వాడు అబద్ధం చెప్పాడండీ. నన్ను పని గురించి ఏదైనా అడగండి. ఏ నిర్ణయమైనా అడగండి," అంది.

"సరే. రేపు మిల్లువాళ్ళు ఉన్నట్టుండి రేటు పెంచారనుకోండి. ఏమంటారు?"

ఇన్నేళ్ళుగా ఆ ప్రశ్నకి ఆమె నోట ఉన్నది ఒక్కటే జవాబు. మనసు ఆపేలోపే నాలుక కదిలింది.

"సార్ ఒప్పుకోర..."

నాలుక్కరుచుకుంది. ఏం లాభం? అధికారిణి కలం మూత పెట్టేసింది. లేచేముందు పెద్దక్క చేయి తన చేతిలోకి తీసుకుని, "ఆయనంటే మీకు భయమైతే చెప్పండి, మేం అండగా ఉంటాం. మీలాంటి వాళ్ళ కోసమే నాయకత్వ తరగతులు పెట్టాం, తప్పకుండా రండి" అంది. ఆమె కళ్ళలో నిజంగానే తడి ఉంది. ఆ తడి చూసి పెద్దక్క ముఖం తిప్పుకుంది. తిట్టినా బాగుండేది.

గుర్తింపు రాలేదు. అయితే వెళ్తూ వెళ్తూ ఆ మహాతల్లి ఒక దారి వదిలి వెళ్ళింది. వెనక ఉన్న మగమనిషి పూర్తిగా తప్పుకుంటే మళ్ళీ వచ్చి చూస్తుందట.

"అయితే చంపెయ్యి," అంది చెల్లెలు. పక్క మీద కూర్చుని తల దువ్వుకుంటూ, ఉప్పు అయిపోయింది తెచ్చుకో అన్నంత మామూలుగా అంది.

"ఛీ, నోరు ముయ్యి."

"లేని మనిషే కదక్కా! పోయాడని చెప్పెయ్యి. ఇంకెక్కడి సారు? అప్పుడు నువ్వే మిగులుతావు."

పెద్దక్క రెండు రోజులు తటపటాయించింది. చివరికి ఒక సోమవారం పొద్దున, మిషన్లు వేయకముందే అందరినీ పిలిచి చెప్పింది. "సార్ పోయారు. నిన్న. గుండె ఆగి."

పిన్ని జిగురు గరిట కింద పడేసి గొల్లుమంది. వేలు నలిగిన పిల్ల ముఖం చేతుల్లో దాచుకుంది. ఫ్యాన్లు ఆపేశారు, ఎందుకో ఎవరికీ తెలియదు, గౌరవమనుకున్నారేమో. ఆ రోజు పని జరగలేదు. ఫోటో ఉంటే ఇవ్వమన్నారు, గోడకి పెట్టుకుంటామని. "సార్‌కి ఫోటోలంటే గిట్టదు" అంది పెద్దక్క. పోయిన మనిషి గురించి కూడా అబద్ధం ఆడుతున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

ఏజెంటు పూలగుత్తి పట్టుకొచ్చాడు. మూసిన గది తలుపు దగ్గర పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఎంత పెద్దమనిషమ్మా! నేనంటే ప్రాణం. పోయినసారి కనిపించినప్పుడే అనుకున్నాను, మనిషి కాస్త తగ్గారేంటా అని." కళ్ళు తుడుచుకున్నాడు. "ఇకనుంచి షెడ్డు ఎవరు చూసుకుంటారు?"

"నేనే."

"అది సరేలే. అంటే, సార్ స్థానంలో ఎవరొస్తున్నారని."

"నేనేనండీ. రేటు నాతో మాట్లాడండి, సరుకు నాకు పంపండి."

ఏజెంటు ఆమె వంక చూసిన చూపు, షెడ్డు పెట్టిన కొత్తలో గుమ్మంలో నిలబడి చూసిన చూపే. "బాధలో ఉన్నావమ్మా. కాస్త కుదుటపడు, తర్వాత మాట్లాడదాం," అన్నాడు.

ఆ తర్వాత అనేది రాలేదు. అట్ట రావడం మానేసింది. ఫోను చేస్తే, "సార్ ఉన్నప్పటి మాట వేరమ్మా, మిల్లువాళ్ళు ఒప్పుకోవడం లేదు" అన్నాడు. ఆ మిల్లువాళ్ళు నిజంగా ఉన్నారో, వాళ్ళు కూడా ఏ గదిలోని కోటో, పెద్దక్కకి తెలియలేదు.

సంఘానికి వెళ్ళి అధికారిణిని కలిసింది. సార్ పోయారంది. అధికారిణి అయ్యో అని కుర్చీ చూపించింది, మంచినీళ్ళు తెప్పించింది. ఆ మీదట మెల్లగా, ఆయన చనిపోయినట్టు కాగితం కావాలంది. వారసులెవరు, కొడుకులున్నారా అని కూడా అడిగింది. పుట్టని మనిషికి చావు కాగితం ఎవరిస్తారు? ఆయన ఉన్నాడంటే రుజువు అడగనివాళ్ళు, పోయాడంటే రుజువు అడుగుతున్నారు. పెద్దక్క ఆ మంచినీళ్ళు తాగకుండానే లేచి వచ్చేసింది.

"పోనీ సార్‌కి ఒక తమ్ముడున్నాడని చెప్పెయ్యి. అట్టయినా వస్తుంది," అంది చెల్లెలు. ఈసారి ఆమె నవ్వలేదు.

"తమ్ముడొస్తే అట్ట వస్తుంది, గుర్తింపు రాదు. గుర్తింపు లేకపోతే ఆ అట్టతో ఎవరికి చేస్తానే పెట్టెలు?"



పిల్లలు ఒక్కొక్కరే వేరే పనులు చూసుకున్నారు. వెళ్ళేటప్పుడు అందరూ పెద్దక్క దగ్గర కంటతడి పెట్టుకున్నారు. వేలు నలిగిన పిల్ల ఒక మాట అనేసి మరీ వెళ్ళింది. "సార్ ఉండుంటే ఏదో ఒకటి చేసేవారక్కా." అందులో వంకర లేదు. ఉన్న మాటే అనుకుని అంది.

మిషన్లు అమ్మేసిన రోజున, వాటిని లారీ ఎక్కిస్తుంటే చూడటానికి మళ్ళీ అందరూ వచ్చారు. గీతల మిషను కదలనని మొరాయించింది, కూలీలు కర్రలు పెట్టి ఎత్తారు. పెద్దక్క లోపల గది గుమ్మంలో నిలబడి ఉంది. పిన్ని పక్కకొచ్చి నిలబడింది.

"ఒకటి అడుగుతాను, ఏమనుకోకు అమ్మాయ్," అంది పిన్ని. "సార్ పోయినప్పటి నుంచీ చూస్తున్నాను. ఒక్క చుక్క కన్నీరు రాల్చలేదు నువ్వు. అంత మంచి మనిషి. నా కూతురు బతికి ఉందంటే ఆయన చలవే. నీకంత రాయి గుండె ఏంటమ్మా?"

పెద్దక్క ఆమె వైపు తిరిగింది. చెవులు మందమని దగ్గరగా వంగి, ఒక్కొక్క మాటే విడదీసి చెప్పింది.

"పిన్నీ, సార్ లేరు. అసలు లేనే లేరు. నీకు సెలవిచ్చింది నేను. ఫ్యాన్లు పెట్టించింది నేను. అన్నీ నేనే పిన్నీ."

పిన్ని నొచ్చుకుని తల అడ్డంగా ఊపింది.

"తప్పమ్మా. అలా అనకూడదు. అన్నం పెట్టిన మనిషిని లేడనకూడదు. పోయినవాళ్ళ మంచి మనం లాక్కోకూడదు."

పెద్దక్క ఓపిక అక్కడితో అయిపోయింది. గుమ్మానికి చేరగిలబడి, అలాగే కిందికి జారి కూర్చుని, బావురుమంది. షెడ్డు పోయినందుకు ఏడ్చింది. కుర్చీలో కాళ్ళు చాపుకుని నవ్వుకున్న రోజులన్నిటికీ ఏడ్చింది. ఇంత పని చేసి, ఇంతమందిని సాకి, ఒక్కరి నోట కూడా తను లేకుండా పోయినందుకు వెక్కివెక్కి ఏడ్చింది. తోడొచ్చిన చెల్లెలు పరుగెత్తుకొచ్చింది.

పిన్ని మోకాళ్ళ మీద కూర్చుని ఆమె తలని గుండెకి అదుముకుంది.

"ఏడువమ్మా, ఏడువు. ఇన్నాళ్ళకి ఏడ్చావు," అంది తనూ ఏడుస్తూ. లారీ దగ్గరున్న పిల్లల వైపు తిరిగి కేకేసింది. "రండే, ఇలా రండి! సార్ కోసం పెద్దక్క ఎలా ఏడుస్తోందో చూడండి!"

వాళ్ళంతా వచ్చి చుట్టూ నిలబడి కళ్ళు తుడుచుకున్నారు.